కామ్చాట్కా సముద్రంలో 8.8 భూకంపం: అక్క జపాన్ తీరంలో ఉంది, మొదటి అల వచ్చి పోయాక కిందికి దిగొచ్చా?

ఇసుకమేట
30 జూలై 2025, ఉదయం 7:35

అందరికీ నమస్కారం. అర్జెంటుగా ఒక సలహా కావాలి.

మా అక్కా బావలు జపాన్ ఈశాన్య తీరంలో, ఇవాతే ప్రాంతంలో ఒక చిన్న రేవు ఊళ్లో ఉంటారు. వాళ్లకి నాలుగేళ్ల పాప. బావ పని మీద వేరే నగరానికి వెళ్లాడు, ఇంట్లో అక్క, పాప మాత్రమే ఉన్నారు. మన టైము ప్రకారం ఈ రోజు తెల్లవారుజామున 4:55కి రష్యాలో కామ్చాట్కా దగ్గర సముద్రంలో భూకంపం వచ్చిన సంగతి వార్తల్లో చూసే ఉంటారు. అక్కకి నేల కదిలినట్టే తెలియలేదట. ఫోన్లు మోగాయి, ఊళ్లో సైరన్లు మోగాయి. ముందు ఒక మీటరు అల రావచ్చన్నారు. గంట తిరిగేసరికి మూడు మీటర్ల దాకా రావచ్చని మార్చారు. పాపని ఎత్తుకుని గుట్ట మీదున్న స్కూలుకి చేరుకుంది.

మొదటి అల వచ్చేసిందట. ఉత్తరాన హొక్కైడోలో 30 సెంటీమీటర్లని టీవీలో చూపిస్తున్నారు. ఇంతేనా అని అక్క పక్కనున్న వాళ్లలో కొందరు దిగిపోతున్నారు. ఎండ విపరీతంగా ఉంది. పాపకి ఆయాసం, ఇన్‌హేలర్ కంగారులో ఇంట్లో మర్చిపోయింది. ఇల్లు రేవుకి రెండు వీధుల ఇవతల. "ఇరవై నిమిషాల్లో వెళ్లి తెచ్చేసుకుంటానురా" అంటోంది. ఏం చెప్పమంటారు?

రాతిపొర
30 జూలై, ఉదయం 7:39

దిగొద్దని చెప్పండి. ముందు ఫోన్ చేసి ఈ ఒక్క మాట చెప్పండి, మిగతాది తర్వాత చదవండి.

ఇన్‌హేలర్ సంగతి అక్కడి స్కూలు సిబ్బందికి చెప్పమనండి. ఎవరి దగ్గరో ఒకరి దగ్గర మందు ఉంటుంది, లేదంటే వాళ్లే అంబులెన్సుకి ఫోన్ చేస్తారు. పాపని నీడలో కూర్చోబెట్టి, పరిగెత్తనివ్వకుండా చూసుకోమనండి. రేవు వైపు మాత్రం వెళ్లొద్దు.

రాతిపొర
30 జూలై, ఉదయం 7:58

ఇప్పుడు కారణం చెప్తాను. ఇరవై ఏళ్లుగా భూకంప తరంగాల డేటా మీదే నా పని. సునామీ అంటే ఒక అల కాదు, వరసగా వచ్చే అలల గుంపు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పావుగంట ఉండొచ్చు, గంటా ఉండొచ్చు. వాటిలో మొదటిదే పెద్దది కావాలని రూలేమీ లేదు, చాలాసార్లు కాదు కూడా. ఇంత పెద్ద భూకంపంలో సముద్రం అడుగు కదిలింది ఒక చోట కాదు, కొన్ని వందల కిలోమీటర్ల పొడవున. ఆ పొడవులో ఒక్కో ముక్క నుంచి బయల్దేరిన నీరు ఒక్కో దారిలో వస్తుంది. కొంత నేరుగా వస్తుంది, కొంత దీవులకి, సముద్రం అడుగున ఉన్న కొండలకి తగిలి వంగి వస్తుంది. తీరం దగ్గరికి వచ్చాక అఖాతాల్లో అటూ ఇటూ కొట్టుకుంటూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. అందుకే గంటలు గడిచాక పెద్ద అల రావడం కొత్త విషయమేమీ కాదు.

ఇదే కామ్చాట్కా తీరంలో 1952 నవంబర్ 5న 9.0 భూకంపం వచ్చింది. దక్షిణాన పరముషిర్ దీవిలో సెవెరో కురీల్స్క్ అనే ఊరు ఉంది. అప్పటికి ఇంకా తెల్లవారలేదు. మొదటి అల రాగానే జనం గుట్టలెక్కారు. నీరు వెనక్కి పోయింది. అయిపోయిందనుకుని చాలామంది చలి బట్టల కోసం, సామాన్ల కోసం ఇళ్లకి దిగారు. రెండో అల మొదటిదానికంటే చాలా పెద్దది. ఆ రోజు చనిపోయిన వాళ్లు 2,300 మందికి పైనే అని లెక్క. సోవియట్ ప్రభుత్వం ఈ సంగతిని ఏళ్ల తరబడి బయటికి రానివ్వలేదు. ఊరిని తర్వాత ఎత్తైన చోట మళ్లీ కట్టారు.

వాళ్లూ ఇంట్లో వస్తువు కోసమే దిగారు. అందుకే మీ పోస్టు చూడగానే అంత గట్టిగా చెప్పాను.

ఇసుకమేట
30 జూలై, ఉదయం 8:06

చెప్పాను సర్. మొదట వినలేదు, ఆ 1952 సంగతి చదివి వినిపిస్తే ఆగింది. స్కూల్లో ఒక టీచర్ వచ్చి ఎవరో పిల్లాడి స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం), మందు ఇప్పించారట. ఫ్యాన్ ఉన్న గదిలో పాపని పడుకోబెట్టారు. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. చాలా థ్యాంక్స్.

నిదానం
30 జూలై, ఉదయం 8:20

పాపకి మందు దొరికినందుకు సంతోషం. కానీ ఒక మాట అడగాలి. 30 సెంటీమీటర్లంటే మోకాలి కిందికి. మామూలు రోజుల్లో బీచ్‌లో అంతకంటే పెద్ద అలల్లోనే పిల్లలు ఆడుకుంటారు. దీనికి లక్షల మందిని ఎండలో గుట్టలెక్కించడం అవసరమా? ఇలా నాలుగుసార్లు జరిగి ఏమీ కాకపోతే, అయిదోసారి జనం కదలరు. ఆ భయం నాకు నిజంగానే ఉంది.

రాతిపొర
30 జూలై, ఉదయం 8:41

నిదానం గారూ, మీ రెండో మాట చాలా ముఖ్యమైనది, దానికి తర్వాత వస్తాను. మొదటి మాటతో మాత్రం ఒప్పుకోను.

బీచ్‌లో మనం చూసే అల గాలి లేపినది. పైపైన నీరే కదులుతుంది. ఒక అల వెంట ఇంకోటి పది, పదిహేను సెకన్లకి వస్తుంది. వచ్చి విరిగి, వెనక్కి పోతుంది. సునామీలో సముద్రం అడుగు నుంచి పైదాకా ఉన్న నీరంతా కదులుతుంది. నీటిమట్టం 30 సెంటీమీటర్లు లేచిందంటే ఆ లేచిన సముద్రం నిమిషాల తరబడి మన వైపు తోసుకుంటూనే ఉంటుంది. విరిగి వెనక్కి పోదు, వెనక నుంచి ఇంకా నీరు వస్తూనే ఉంటుంది. వాగు పొంగినప్పుడు మోకాలి లోతులో నిలబడటానికి చూసిన వాళ్లకి దాని బలం ఎలాంటిదో తెలుస్తుంది. పైగా ఆ నీటిలో పడవలు, దుంగలు, డబ్బాలు ఉంటాయి. వచ్చేటప్పుడు ఎంత బలంగా వస్తుందో, వెనక్కి లాగేటప్పుడూ అంతే బలంగా లాగుతుంది.

వేగం లెక్క కూడా చూడండి. నాలుగు వేల మీటర్ల లోతున్న సముద్రంలో సునామీ గంటకి 700 కిలోమీటర్లు దాటి పోతుంది, అంటే విమానంతో సమానం. పది మీటర్ల లోతుకి వచ్చేసరికి గంటకి 36 కిలోమీటర్లకి తగ్గుతుంది. ముందున్న నీరు నెమ్మదించింది, వెనకున్నది ఇంకా వేగంగా వస్తోంది. మరి ఆ నీరంతా ఎటు పోవాలి? పైకే లేస్తుంది. నడి సముద్రంలో అరమీటరు ఉన్న అల ఒడ్డున ఎన్నో రెట్లు పెరిగేది ఇందుకే.

లంగరు
30 జూలై, ఉదయం 9:02

నేను మర్చంట్ నేవీలో ఇంజనీర్‌ని. నడి సముద్రంలో సునామీ కింద నుంచి పోతున్నా ఓడలో ఎవరికీ తెలియదు. అరమీటరు ఎత్తు, వంద కిలోమీటర్లకి పైగా పొడవు, ఎలా తెలుస్తుంది? భూకంపం మాత్రం తెలుస్తుంది. ఓడ అడుగు బండకి ఒరుసుకున్నట్టు వణుకుతుంది. ప్రొపెల్లర్‌కి ఏదో తగిలిందనుకుని ఇంజిన్ ఆపబోయిన వాళ్లు కూడా ఉన్నారు. అందుకే టైమ్ ఉంటే రేవులో ఉన్న ఓడల్ని తాళ్లు విప్పించి లోతు నీటికి పంపిస్తారు. రేవులో ఉంటేనే ఓడకి ప్రమాదం.

2014 ఏప్రిల్ 1న నేను చిలీ ఉత్తర తీరంలో ఉన్నాను. ఇకీకే దగ్గర సముద్రంలో 8.2. రాత్రి తొమ్మిది కావస్తోంది. షోర్ లీవ్ మీద ఊళ్లోకి వెళ్లి ఫోన్ కార్డు కొంటున్నాను. అంతకు ముందు రెండు వారాల నుంచీ రోజూ చిన్న చిన్న కుదుపులు వస్తూనే ఉన్నాయి, ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటోంది. మొదట కుదుపు వచ్చినప్పుడు అదే అనుకున్నాను. కానీ ఆగలేదు. షాపు షట్టర్ టపటపా కొట్టుకుంటోంది, వీధి దీపాలు పోయాయి. నిలబడాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

ఆగిన తర్వాత జరిగింది నేను మర్చిపోలేను. సైరన్ కోసం ఎవరూ ఆగలేదు. షాపు ఆవిడ తాళం కూడా వేయలేదు. నా చెయ్యి పట్టుకుని బయటికి లాగి కొండ వైపు చూపించింది. వీధంతా మనుషులు ఒకే వైపు నడుస్తున్నారు. పరుగులు లేవు, అరుపులు లేవు. ముసలాయన్ని కుర్చీతో సహా ఇద్దరు కుర్రాళ్లు మోసుకెళ్తున్నారు. ఏ మూల నుంచి ఎటు వెళ్లాలో రోడ్ల మీద బాణం గుర్తులున్నాయి. కార్లు దాదాపు ఎవరూ తీయలేదు. ఆ రాత్రి ఆ తీరమంతా కలిపి సుమారు తొమ్మిది లక్షల మంది ఎత్తు ప్రాంతాలకి వెళ్లారని తర్వాత తెలిసింది. అల రెండు మీటర్లు వచ్చింది, రేవులో పడవలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మేం తెల్లవారుజాము దాకా కొండ మీదే కూర్చున్నాం. దిగమని చెప్పేదాకా ఒక్కళ్లూ దిగలేదు.

నిదానం గారూ, వాళ్లకి అప్పటికే ఎన్నోసార్లు ఏమీ కాని హెచ్చరికలు వచ్చి ఉంటాయి. అయినా నడిచారు. అలవాటు అయిపోతే అది విసుగులా ఉండదు.

ప్రశ్నార్థకం
30 జూలై, ఉదయం 9:15

నాదొక చిన్న డౌట్. పొద్దున్న మొదట 8.0 అన్నారు, తర్వాత 8.7, ఇప్పుడు 8.8 అంటున్నారు. ఇన్ని మెషీన్లు పెట్టుకుని ఒక్క నంబర్ సరిగ్గా చెప్పలేరా? అక్కా వాళ్లకి కూడా ముందు ఒక మీటరని, తర్వాత మూడని చెప్పారు కదా.

రాతిపొర
30 జూలై, ఉదయం 9:52

ఇది మంచి ప్రశ్న. దీని వెనక చాలా మంది ప్రాణాలున్నాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ముందు 8.0కీ 8.8కీ తేడా ఎంతో చూద్దాం. ఈ స్కేలు మీద ఒక అంకె పెరిగితే బయటికి వచ్చే శక్తి సుమారు 32 రెట్లు. 0.8 పెరిగితే దాదాపు 16 రెట్లు. అంటే మొదట చెప్పిన సైజు భూకంపాలు పదహారు కలిపినంత పెద్దది.

ఎందుకు తక్కువ చెప్తారంటే, పెద్ద భూకంపం ఒక్క క్షణంలో అయిపోదు. భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. సముద్రం పలక నేల పలక కిందికి దూరే చోటుని సబ్‌డక్షన్ జోన్ అంటాం. రెండు పలకలూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కింది పలక జరుగుతూనే ఉంటుంది, పైదాని అంచుని కూడా తనతో లోపలికి గుంజుతుంది. ఎన్నో ఏళ్లు అలా బిగిసి బిగిసి ఒక రోజు అతుకు వీడుతుంది. ఒక చోట మొదలైన చీలిక సెకనుకి రెండు, మూడు కిలోమీటర్ల వేగంతో పక్కకి పాకుతూ పోతుంది. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర మొదలైన చీలిక అండమాన్ దీవుల దాకా సుమారు 1,300 కిలోమీటర్లు పాకింది. అందుకు ఎనిమిది నుంచి పది నిమిషాలు పట్టింది. మూడో నిమిషంలో లెక్క కట్టమంటే, చీలడం ఇంకా అయిపోని దాన్ని ఎలా కొలుస్తారు?

రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. త్వరగా అందే తరంగాలు పొట్టివి, వాటితో కొలిస్తే 8 దగ్గరికొచ్చేసరికి అంకె పెరగడం ఆగిపోతుంది. వంద కిలోల దాకా మాత్రమే తూచే కాటా మీద ఎంత బరువు పెట్టినా వందే చూపిస్తుంది, అలాగన్నమాట. నిజమైన బరువు తెలియాలంటే చాలా నెమ్మదిగా ఊగే పొడవాటి తరంగాలు కావాలి, అవి వచ్చేదాకా ఆగాలి. కనమోరి అనే జపాన్ శాస్త్రవేత్త 1970లలో ఈ లెక్కని సరిచేశారు. ఇప్పుడు మనం వాడే మొమెంట్ మాగ్నిట్యూడ్ ఆ పని నుంచే వచ్చింది.

2004లో మొదటి అంచనా 8.0. అసలు సంఖ్య 9 దాటిందని తేలేసరికి శ్రీలంకకీ భారత తీరానికీ అలలు వచ్చి వెళ్లిపోయాయి. అప్పటికి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ అనేదే లేదు. మొత్తం మీద సుమారు 2,30,000 మంది పోయారు. 2011 మార్చి 11న జపాన్‌లో మూడు నిమిషాల్లోనే హెచ్చరిక ఇచ్చారు, అది గొప్ప పనే. కానీ 7.9 అనుకుని ఇచ్చారు. ఇవాతేకి మూడు మీటర్ల అల వస్తుందని చెప్పారు. కాసేపటికి పెంచారు. అప్పటికే చాలా చోట్ల కరెంటు పోయింది, పెంచిన మాట జనానికి చేరలేదు. మూడు మీటర్లే కదా, మన సముద్రపు గోడ అంతకంటే ఎత్తు కదా అని ఆగిపోయిన వాళ్లున్నారు. ఇవాతే తీరంలో కొన్ని చోట్ల నీరు 40 మీటర్ల ఎత్తు దాకా ఎక్కింది. ఆ తర్వాత జపాన్ వాతావరణ సంస్థ పద్ధతి మార్చుకుంది. దగ్గర్లో వచ్చిన భూకంపం 8 దాటిందన్న అనుమానం ఉంటే మొదట మీటర్లు చెప్పదు, "చాలా భారీ" అనే మాటే చెప్తుంది.

కాబట్టి మొదటి అంకెని నమ్ముకుని నిర్ణయం తీసుకోకూడదు. ఇంత పెద్ద భూకంపాల్లో మొదటి అంకె చాలాసార్లు తక్కువే ఉంటుంది.

ప్రశ్నార్థకం
30 జూలై, ఉదయం 10:04

కాటా పోలికతో బాగా అర్థమైంది సర్. ఇన్నాళ్లూ నంబర్ మార్చితే వాళ్లకి పని రాదనుకునేవాణ్ణి.

ఇసుకమేట
30 జూలై, ఉదయం 10:51

అక్క ఇప్పుడే ఫోన్ చేసింది. ఇవాతేలోనే ఉన్న కుజి రేవులో 1.3 మీటర్లు నమోదైందట. అక్కడి టైము ప్రకారం మధ్యాహ్నం రెండు కావస్తుండగా. అంటే భూకంపం వచ్చిన అయిదున్నర గంటలకి, మొదటి అల వచ్చిన మూడు గంటలకి!

వాళ్ల ఊళ్లో వీధుల్లోకి నీరు రాలేదు. కానీ స్కూలు కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. నీరు గట్టు అంచు దాకా వచ్చి, నురగ కూడా లేకుండా అలా నిలబడిందట. తర్వాత వెనక్కి పోయి, పడవలు కట్టిన తాళ్లు బిగిసిపోయి, గోడ అడుగున నాచు పట్టిన రాళ్లు బయటపడ్డాయట. మళ్లీ వచ్చింది. చప్పుడే లేదు, అదే ఎక్కువ భయమేసిందంది. పొద్దున్న దిగిన వాళ్లలో చాలామంది మళ్లీ పైకి వచ్చేశారట.

నిదానం
30 జూలై, ఉదయం 11:10

మూడు గంటల తర్వాత అంత పెరుగుతుందని నేను అనుకోలేదు. పొద్దున్న నా మాట విని ఎవరైనా దిగి ఉంటే అన్న ఆలోచనే బాధగా ఉంది. ఇసుకమేట, అక్కని అక్కడే ఉండమనండి.

మేఘమాల
30 జూలై, సాయంత్రం 6:30

ఇప్పుడే థ్రెడ్ అంతా చదివాను. 2011 నాటి భూకంపం 9.0, ఇది 8.8. దాదాపు ఒకటే కదా. మరి ఈసారి అంత ఘోరం ఎందుకు జరగలేదు? ఇంకో సందేహం. ఇదే చోట జూలై 20న 7.4 వచ్చింది. అప్పుడే పెద్దది రాబోతోందని చెప్పొచ్చు కదా?

రాతిపొర
30 జూలై, రాత్రి 8:15

రెండోదానికి ముందు జవాబు. 7.4 వచ్చిన రోజున అదే ప్రధాన భూకంపం అనిపించింది, దాని తర్వాత వచ్చేవి చిన్నవేనని అనుకోవడం సహజం. ఒక భూకంపం తర్వాత కొద్ది రోజుల్లో దానికంటే పెద్దది రావడం నూటికి అయిదారు సార్లు మాత్రమే జరుగుతుంది. 2011లోనూ రెండు రోజుల ముందు 7 దాటిన భూకంపం వచ్చింది. లంగరు గారు చెప్పిన ఇకీకేలోనూ ముందు వారాల్లో కుదుపులొచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తేనే అవి ముందస్తు ప్రకంపనలని తెలుస్తుంది. ముందు నుంచి చూస్తే అవి మిగతా తొంభై అయిదింటిలాగే కనిపిస్తాయి. ఫలానా రోజు వస్తుందని ముందే చెప్పే పద్ధతి ఇంతవరకూ ఎవరి దగ్గరా లేదు. ఫలానా తీరంలో వస్తుందని మాత్రం చెప్పగలం.

నన్ను ఆశ్చర్యపరిచింది వేరే విషయం. అక్కడ పసిఫిక్ పలక ఏడాదికి సుమారు 8 సెంటీమీటర్ల చొప్పున లోపలికి దూరుతుంది. 1952 నుంచి 73 ఏళ్లు. గుణిస్తే ఆరు మీటర్లకి కొంచెం తక్కువ. ఒకసారి అంత పెద్దది వచ్చిన చోట ఇంత తొందరగా మళ్లీ 8.8 వస్తుందని చాలామంది అనుకోలేదు. "మొన్ననే వచ్చింది కదా, మన తరంలో మళ్లీ రాదు" అనే ధీమాకి ఇది పెద్ద దెబ్బ. దీని మీద చాలా ఏళ్లు పరిశోధన నడుస్తుంది.

ఇక అల సంగతి. సునామీ ఎంతొస్తుందన్నది భూకంపం అంకె ఒక్కటే నిర్ణయించదు, సముద్రం అడుగు ఎంత పైకి లేచిందన్నది ముఖ్యం. 2011లో చీలిక ట్రెంచ్ దాకా, అంటే పలక లోపలికి దూరడం మొదలయ్యే ఆ పల్లం దాకా పాకింది. అక్కడ అడుగు ఒక్కసారిగా 50 మీటర్ల దాకా జరిగింది. ట్రెంచ్ దగ్గర పైన నీరు చాలా లోతు, ఆ నీటినంతా ఎత్తి పడేసింది. ఈసారి జారింది ఎక్కువగా కొంచెం లోపలి భాగంలోనని ఇప్పటికి కనిపిస్తోంది. ఇంకో కారణం, దగ్గర తీరంలో జనం చాలా తక్కువ. అదే భూకంపం జనం కిక్కిరిసిన తీరం ముందు వచ్చి ఉంటే కథ వేరు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ 2012 ఏప్రిల్ 11. సుమత్రా పడమటి సముద్రంలో 8.6. హిందూ మహాసముద్ర తీరాలన్నీ భయపడ్డాయి. కానీ అక్కడ పలకలు పక్కకి ఒరుసుకున్నాయి, అడుగు పెద్దగా లేవలేదు. సునామీ నామమాత్రమే.

లంగరు
30 జూలై, రాత్రి 8:40

కామ్చాట్కాలోని పెట్రోపావ్లోవ్స్క్ నగరంలో ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్ వీడియో చూశారా? లైట్లు ఊగిపోతున్నాయి, పక్కనున్న చక్రాల బల్ల ఎటో జారిపోతోంది. డాక్టర్లు పారిపోలేదు. పేషెంట్ చుట్టూ నిలబడి, బల్లని, మనిషిని చేతులతో పట్టుకుని ఆగేదాకా అలాగే ఉన్నారు. నాలుగైదుసార్లు చూశాను.

సెవెరో కురీల్స్క్‌లో ఈసారి కూడా రేవు మునిగింది. చేపల ఫ్యాక్టరీ దగ్గర కట్టడాలు నీళ్లలో తేలిపోవడం కనిపించింది. జనం మాత్రం అప్పటికే పైకి వెళ్లిపోయారు, సునామీతో ఒక్క ప్రాణం కూడా పోలేదు. 1952లో వేల మంది పోయిన ఊరు అది.

రాతిపొర
30 జూలై, రాత్రి 9:05

నిదానం గారు పొద్దున్న అడిగిన రెండో మాట బాకీ ఉండిపోయింది. మళ్లీ మళ్లీ హెచ్చరిస్తే జనం నమ్మడం మానేస్తారన్న భయం నిజమైనదే. ఈ రోజు చిలీలోనూ 14 లక్షల మందిని కదిలించారు. జపాన్‌లో ఖాళీ చేసే హడావిడిలో ఒకావిడ కారు కొండ రోడ్డు మీంచి పడి చనిపోయింది. ఈ రోజే జపాన్‌లో ఒక చోట 41.2 డిగ్రీల రికార్డు ఎండ. హెచ్చరికకి కూడా ఖర్చుంటుంది, ఒప్పుకుంటాను.

కానీ 1964 అలాస్కా భూకంపం అప్పుడు కాలిఫోర్నియాలోని క్రెసెంట్ సిటీలో ఏం జరిగిందో చూడండి. మొదటి రెండు అలలు చిన్నవి. జనం షాపులు శుభ్రం చేసుకోవడానికి, గల్లాపెట్టె చూసుకోవడానికి తిరిగి వచ్చారు. నాలుగోది అన్నిటికంటే పెద్దది. పదకొండు మంది పోయారు. 1952లో జరిగిందే పన్నెండేళ్ల తర్వాత ఇంకో ఖండంలో జరిగింది. అదే క్రెసెంట్ సిటీ రేవు ఈసారి కూడా దెబ్బతింది, ఆ తీరం ఆకారమే అలలని పట్టి ఉంచేలా ఉంటుంది.

తీరంలో ఉండేవాళ్లకి నేను రెండే విషయాలు చెప్తాను. భూకంపం దగ్గర్లో వస్తే ఊపే హెచ్చరిక. నిమిషం దాటి ఊగితే, అది నిలబడలేనంత గట్టిగా ఉన్నా, ఉయ్యాలలా మెల్లగా ఉన్నా, ఫోన్ కోసం ఆగకుండా ఎత్తుకి నడవాలి. మెల్లగా ఊగితే ప్రమాదం లేదనుకోవద్దు. ఇదే ఇవాతే తీరంలో 1896 జూన్ 15న సాయంత్రం చిన్న ఊపు వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. అరగంట తర్వాత వచ్చిన నీటికి సుమారు 22,000 మంది బలయ్యారు. చీలిక నెమ్మదిగా జారితే ఊపు తక్కువగా, అల పెద్దగా ఉంటుంది.

భూకంపం దూరంలో వస్తే, ఈ రోజు మీ అక్కకి జరిగినట్టు, ఊపే ఉండదు. అప్పుడు హెచ్చరిక ఒక్కటే ఆధారం. రెండు సందర్భాల్లోనూ దిగడం మాత్రం మన లెక్క ప్రకారం కాదు, దిగొచ్చని వాళ్లు చెప్పిన తర్వాతే.

నిదానం
30 జూలై, రాత్రి 9:31

ఒప్పుకుంటున్నాను సర్. అయినా నా మనసులో ఒకటి మిగిలిపోయింది. హెచ్చరిక ఇచ్చేవాళ్లు "ఏమీ కాలేదు" అన్న రోజున కూడా ఎక్కడ ఎంత నీరొచ్చింది, ఏ గంటకి వచ్చింది అని ఊరూరా చెప్పాలి. ఈ రోజు కుజి 1.3 మీటర్ల సంగతి తెలియని వాళ్లకి, ఎండలో ఊరికే కూర్చోబెట్టారన్న కోపమే మిగులుతుంది.

రాతిపొర
30 జూలై, రాత్రి 9:40

ఈ మాట నాకు తట్టలేదు. నిజం, అది జరగాలి.

ఇసుకమేట
31 జూలై, మధ్యాహ్నం 2:20

జపాన్ టైము సాయంత్రం 4:30కి అన్ని హెచ్చరికలూ ఎత్తేశారు. మొత్తం ముప్పై రెండు గంటలు. నిన్న రాత్రికే స్థాయి తగ్గించినా, అక్క స్కూల్లోనే పడుకుంది. బావ పొద్దున్నే చేరుకున్నాడు. పాప బాగుంది, పక్క పిల్లాడి బొమ్మ ఇవ్వనని గొడవ చేస్తోందట.

ఒక్క విషయం చెప్పాలి. దిగేటప్పుడు అక్క రోడ్డు పక్కన ఒక బోర్డు చూసింది. "గతంలో సునామీ నీరు ఇక్కడి దాకా వచ్చింది" అని ఉంది. మూడేళ్ల నుంచి రోజూ ఆ బోర్డు ముందు నుంచే పాపని తీసుకెళ్తోంది, ఎప్పుడూ ఆగి చదవలేదట. ఇల్లు దానికి చాలా కిందికి ఉంది. బావ వాచీ పెట్టి చూశాడు. ఇంటి గుమ్మం నుంచి ఆ బోర్డు దాకా ఒక్కడే నడిస్తే ఏడు నిమిషాలు. పాపని ఎత్తుకుని నడిస్తే పదకొండు. రేపు రాత్రి చీకటిలో మళ్లీ నడిచి చూస్తారట, టార్చ్ లేకుండా ఒకసారి, టార్చ్‌తో ఒకసారి. కొత్త ఇన్‌హేలర్ ఒకటి తెచ్చి గుమ్మం దగ్గర కొక్కేనికి తగిలించిన సంచిలో పెట్టారు.

లంగరు
31 జూలై, మధ్యాహ్నం 2:34

ఇసుకమేట, బావకి ఒక మాట చెప్పు తమ్ముడూ. వానలో కూడా ఒకసారి నడిచి చూడమను. ఆ గుట్ట దారి తడిస్తే పదకొండు నిమిషాలు సరిపోవు.